బడిలో సర్దే పిల్లలు ఇంట్లో ఎందుకు సర్దరు?

పాఠశాల వార్తాలేఖ, అక్టోబరు సంచిక

తల్లిదండ్రులకు, ఇంట్లో పిల్లలను కనిపెట్టుకుని ఉండే అవ్వలకు, తాతలకు నమస్కారం.

దసరా సెలవుల తరువాత జరిగిన సమావేశంలో ఒక తల్లి మార్కుల కాగితం మడిచి సంచిలో పెట్టుకుంటూ ఇలా అడిగారు. "మేడమ్, తరగతి గది బయట పిల్లల చెప్పులు గీత గీసినట్టు ఉన్నాయి. వాటిలో మా వాడివి కూడా ఉన్నాయి. ఇంట్లో మాత్రం ఒకటి గడప దగ్గర ఉంటే రెండోది మంచం కింద ఉంటుంది. మీరు వాడిని ఏం చేస్తున్నారు?" అందరూ నవ్వారు. నవ్వి ఊరుకోకుండా జవాబు కోసం నా వైపు చూశారు కూడా. వరుసలో ఇంకా చాలామంది ఉండటంతో రెండు మాటల్లో ముగించాను. అది రెండు మాటల్లో తేలే విషయం కాదు. అందుకని పరీక్షల సంగతులు తరగతి ఉపాధ్యాయులకు వదిలి, ఈ నెల లేఖంతా దాని మీదే రాస్తున్నాను.

పిల్లలు మాకు భయపడి సర్దుతున్నారని చాలామంది అనుకుంటారు. భయమే కారణమైతే హోంవర్కు పుస్తకాలన్నీ ఈపాటికి నిండి ఉండేవి. ఇక్కడ జరిగేది చాలా మామూలు సంగతి. వసారాలో చెప్పుల కోసం సున్నంతో గీసిన గీత ఉంది. గంట కొట్టాక, లోపలికి అడుగు పెట్టేముందు వాటిని అక్కడ విప్పాలి. విసిరేసి వెళ్తే వెనకాలే వచ్చి జతపరిచే మనిషి బడిలో లేరు. వస్తువుకు ఒక చోటు ఉంది, పనికి ఒక వేళ ఉంది, చేయడానికి తాను తప్ప మరొకరు లేరు. ఇంట్లో ఈ మూడింటిలో ఏ ఒక్కటి లేకపోయినా మనం ఎంత అరిచినా ఉపయోగం ఉండదు.

చోటు సంగతి చూడండి. మన ఇళ్ళలో కొక్కేలన్నీ నాన్న ఎత్తుకు కొట్టి ఉంటాయి. రెండో తరగతి పిల్ల విడిచిన యూనిఫాం అంత ఎత్తున తగిలించలేక కుర్చీ మీద వేస్తుంది. కుర్చీ నిండితే మంచం మీద వేస్తుంది. దానికి మనం బద్ధకం అని పేరు పెడతాం. ఆ కొక్కేన్ని పిల్ల భుజం ఎత్తుకు దించి చూడండి. బొమ్మలు, రంగు పెన్సిళ్ళు, రిబ్బన్లు పెట్టే డబ్బాలు కింది అరలో, మూత లేకుండా ఉండాలి. మూత తీయడం, వస్తువు లోపల పెట్టడం, మళ్ళీ మూయడం చిన్నపిల్లలకు మూడు వేరువేరు పనులు. మూడోది వాళ్ళు చేయరు. అద్దె ఇంట్లో గోడకు మేకు కొట్టనివ్వరని కొందరు చెప్పారు. తిరుపతిలో అది నిజమే. తలుపు మీద నుంచి వేలాడదీసే కొక్కేల పట్టీ బజారులో దొరుకుతుంది. అదీ వద్దనుకుంటే కిరాణా కొట్టులో అడిగి తెచ్చుకున్న గట్టి అట్టపెట్టె చాలు.

ఒక్క గది ఇంట్లో ఉండే మా పిల్లలు కొందరి పుస్తకాలు, మూడు పడకగదుల ఇంటి నుంచి వచ్చేవారి పుస్తకాల కంటే శుభ్రంగా ఉంటాయి. ఇల్లు చిన్నదైతే ఇబ్బంది లేదు, చోటు లేని వస్తువులు ఎక్కువైతేనే ఇబ్బంది. రాయని పెన్నులు, మూత పోయిన డబ్బాలు, నిరుటి నోటుపుస్తకాలు బయటికి వెళ్తే సగం సర్దుడు అయిపోయినట్టే. పొట్టి అయిన యూనిఫాంలు చిరగకుండా ఉంటే ఉతికి మాకు పంపండి, వేసుకునే పిల్లలు ఉన్నారు.

ఇక వేళ. "రోజూ సర్దుకో" అనే మాటలో వేళ లేదు. గడియారం చూసి చేసే పని కంటే, ఎలాగూ జరిగే పనికి ముడిపెట్టిన పని పిల్లలకు బాగా గుర్తుంటుంది. బడి నుంచి రాగానే, మంచినీళ్ళు తాగేముందే టిఫిన్ డబ్బా సింకు దగ్గరికి చేరాలి. స్నానానికి వెళ్ళేముందు విడిచిన బట్టలు బుట్టలో పడాలి. అన్నం తిన్నాక ఎవరి పళ్ళెం వారే తీయాలి. పడుకునేముందు రేపటి సంచి సర్దుకోవాలి. వీటిని ఒకేసారి మొదలుపెట్టి పిల్లలను హడలగొట్టవద్దు. ఒకటి కుదురుకున్నాక రెండోది. కుదురుకోవడానికి కొందరికి వారాలు పడుతుంది, కొందరికి నెలలు. మధ్యలో ఒక పెళ్ళో పండగో వచ్చిందంటే కథ మళ్ళీ మొదటికి వస్తుంది. అందుకు ఎవరినీ తప్పు పట్టనక్కర్లేదు.

దీపాలు పెట్టాక ఇల్లు ఊడిస్తే లక్ష్మి వెళ్ళిపోతుందని అవ్వలు చెబుతారు. ఆ మాటను నేను కొట్టిపారేయను. మసక వెలుతురులో ఊడిస్తే జారిపడిన ముక్కుపుడక చెత్తతో పాటు పోయే ప్రమాదం ఎలాగూ ఉంది. ఇప్పుడు అది మనకు చక్కటి గడువుగా పనికొస్తుంది. దీపం పెట్టేలోగా నేల మీద వస్తువు ఏదీ ఉండకూడదు. వస్తువులు ఏరడం పిల్లల వంతు, చీపురు పెద్దల వంతు. నేల మీద ఏమీ లేని ఇంటిని ఊడవడానికి ఎంత తక్కువ సమయం పడుతుందో ఒకసారి చూస్తే మీకే ఆశ్చర్యం వేస్తుంది.

మూడోది, అంటే పిల్లల పనిని పిల్లలకే వదలడం, అన్నిటికంటే కష్టం, అది కూడా పెద్దలకే. పిల్లవాడు పళ్ళెం వదిలి లేస్తాడు, మనం ఏదో ఆలోచిస్తూ తీసేస్తాం. తీయకండి. వెనక్కి పిలవండి, ఆటలో ఉన్నా పిలవండి. పిలిచేటప్పుడు ఉపన్యాసం అవసరం లేదు, "పళ్ళెం" అన్న ఒక్క మాట చాలు. బుట్టలో వేయని యూనిఫాం ఉతకకండి. మరునాడు నలిగిన చొక్కాతో వస్తే మేము అడుగుతాం, వాడు జవాబు చెప్పుకుంటాడు. మీరు మాత్రం "ఊరి నుంచి రావడం ఆలస్యమైంది, క్షమించండి" అని చీటీ రాసి పంపవద్దు. ఆ చీటీలు ఎవరి కోసం రాస్తారో మాకు తెలుసు.

పండగ ముందు ఒకసారి మొత్తం దులిపితే సరిపోదా అని అడిగేవారికి కొండ మీద జరిగేది గుర్తుచేస్తాను. తిరుమల ఆలయంలో కోయిల్ ఆళ్వార్ తిరుమంజనం, అంటే ఆలయమంతా కడిగే శుద్ధి, ఏడాదికి 4 సార్లు జరుగుతుంది. ఉగాది, జూలైలో స్వామివారి కొలువుగా జరిగే ఆణివార ఆస్థానం, వార్షిక బ్రహ్మోత్సవాలు, వైకుంఠ ఏకాదశి, ఈ నాలుగింటికీ ముందు వచ్చే మంగళవారం చేస్తారు. మూలవిరాట్టును వస్త్రంతో కప్పి, పూజాసామగ్రిని బయటికి తెచ్చి, పైకప్పు, గోడలు, స్తంభాలు నీటితో కడుగుతారు. ఆ తరువాత నామకోపు, శ్రీచూర్ణం, కస్తూరి పసుపు, పచ్చాకు, గడ్డ కర్పూరం, గంధం పొడి, కుంకుమ, కిచిలిగడ్డ కలిపిన పరిమళ జలాన్ని ఆలయమంతా ప్రోక్షిస్తారు. మొన్న బ్రహ్మోత్సవాల ముందు ఆ ఫొటోలు పత్రికల్లో చూసే ఉంటారు. ఇల్లు నడిపేవారు గమనించదగ్గ విషయం ఒకటి అందులో ఉంది. వస్తువులు బయటికి వచ్చాకే నీళ్ళు లోపలికి వెళ్తాయి, వస్తువుల చుట్టూ తుడిచి సరిపెట్టరు. ఇంకొకటి, అంత పెద్ద ఆలయంలో ఆ పని ఒక్క ఉదయంలో ముగుస్తోందంటే, తక్కిన రోజుల్లో సుప్రభాతం అయ్యాక ఒకసారి, పూజల మధ్య మళ్ళీ ఒకసారి శుద్ధి తప్పకుండా జరుగుతూ ఉంటుంది కాబట్టి. సంక్రాంతికో, రంజానుకో, క్రిస్మస్‌కో వెల్ల వేసి దులపడం మన అందరి ఇళ్ళలోనూ ఉంది. ఆ మధ్య రోజుల శుద్ధి దగ్గరే మనం జారిపోతున్నాం.

దీపావళికి దులిపేవారికి చిన్న మాట. పైనుంచి కిందికి రండి. ముందు ఫ్యాన్ రెక్కలు, తరువాత అటక, అలమర, చివరికి నేల. దుమ్ము పడని పిల్లలను ఆ పూట పక్కింటికి పంపండి. దుప్పట్లు, దిండు గలీబులు వారానికి ఒకసారి ఉతికితే పొద్దున్నే తుమ్ములతో బడికి వచ్చే పిల్లలకు కొంత ఉపశమనం దొరుకుతుంది.

టిఫిన్ డబ్బా గురించి కొంచెం ఎక్కువ రాస్తాను. సోమవారం ఉదయం తరగతి గదిలో అడుగు పెట్టగానే మమ్మల్ని పలకరించేది అదే. శనివారం మిగిలిన పెరుగన్నం ఆదివారమంతా సంచిలోనే విశ్రాంతి తీసుకుని మా దగ్గరికి వస్తుంది. డబ్బా మూతలో ఉండే రబ్బరు చుట్టును చెంచా పిడితో పైకి లేపి, బయటికి తీసి కడగాలి. దాని కింద నల్లటి చారలా కనిపించేది మరక కాదు, బూజు. నీళ్ళ సీసాలోకి చెయ్యి పట్టదు కాబట్టి చాలామంది ఊరికే నీళ్ళు తిప్పి పారబోస్తారు. గుప్పెడు బియ్యం, గోరువెచ్చని నీళ్ళు, ఒక చుక్క గిన్నెలు తోమే సబ్బు వేసి మూత బిగించి గట్టిగా కుదిపితే అడుగున పట్టిన జిగురు వదులుతుంది. కడిగాక మూత పెట్టకుండా బోర్లించి ఆరనివ్వాలి. తడి మీద మూత బిగించడం వల్లే ఆ వాసన. నాలుగో తరగతి నుంచి పిల్లలు ఈ పని సొంతంగా చేయగలరు. మధ్యాహ్నం బడిలో భోంచేసేవారు తమ పళ్ళెం తామే కడుక్కుంటున్నారు, అదే చేతులు ఇంట్లోనూ ఉన్నాయి.

వంటింట్లో అన్నిటికంటే మురికి వస్తువు సాధారణంగా మనం శుభ్రం చేయడానికి వాడే గుడ్డే. గట్టు తుడిచిన గుడ్డతో పళ్ళెం తుడవడం మానుకుంటే మంచిది. రెండింటికీ వేరే గుడ్డలు పెట్టుకుని, రోజూ సబ్బుతో ఉతికి ఎండలో ఆరవేయండి. మన ఊళ్ళో ఎండకు కరువు లేదు. రాత్రి అంట్లు తోమాక సింకును పొడిగుడ్డతో తుడిస్తే బొద్దింకలు తగ్గుతాయి. అవి తిండి లేకుండా ఉన్నన్ని రోజులు నీళ్ళు లేకుండా ఉండలేవు. బోరు నీళ్ళ వల్ల కుళాయిల మీద పేరుకునే తెల్లటి పొర మీద, పిండేసిన నిమ్మచెక్క రుద్ది కాసేపు ఆగి కడగండి. ఈ పని పిల్లలకు ఎంతో ఇష్టం, ఫలితం కళ్ళ ముందే కనిపిస్తుంది.

ఈ ఊళ్ళో ఇల్లు ఉన్నవారికి బంధువులు ఎప్పుడూ ఎక్కువే. ఎప్పుడో ఒక పెళ్ళిలో కలిసినవారు కూడా దర్శనానికి వస్తూ ఫోను చేస్తారు. హోంవర్కు ఎందుకు చేయలేదని అడిగితే మా పిల్లల నుంచి ఎక్కువగా వినిపించే జవాబు "చుట్టాలు వచ్చారు మేడమ్". అది అబద్ధం కాదని నాకు తెలుసు. తెల్లవారుజామున అలిపిరికి బయలుదేరే హడావుడి, గది నిండా సంచులు, కుర్చీల మీద తడి తువ్వాళ్ళు, లడ్డూల సంచి దగ్గర చీమల బారు, వీటి మధ్య పిల్లవాడి లెక్కల పుస్తకం ఎక్కడికో వెళ్ళిపోతుంది. చుట్టాలను రావద్దని ఎవరూ అనరు, అనకూడదు. కానీ ఏడాది పొడవునా వస్తారని తెలిసినప్పుడు వారికీ ఒక చోటు ముందే ఉంచవచ్చు కదా. తలుపు దగ్గర వారి చెప్పులకు కొంత జాగా, సంచులకు ఒక మూల, తువ్వాళ్ళకు ఒక తాడు ఉంటే చాలు. "మీ సంచి ఇక్కడ పెట్టండి మామయ్యా" అని చూపించే పని పిల్లలకు అప్పగించండి, వాళ్ళు దర్జాగా చేస్తారు. పిల్లలు చదువుకునే మూల మాత్రం ఎంతమంది వచ్చినా కదపవద్దు.

ఇప్పుడు నన్ను నిజంగా కంగారు పెట్టే విషయం. మనకు ఈశాన్య రుతుపవనాల వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఉంటాయి. 2021 నవంబరులో వీధులు ఏరులైన సంగతి ఎవరూ మరచిపోయి ఉండరు. నీళ్ళు తీసిన తరువాత డెంగీ జ్వరాల భయం మొదలవుతుంది. డెంగీని మోసే ఏడిస్ దోమ మురుగు కాలువలో కాదు, ఇంట్లో నిలిచిన మంచినీళ్ళలో గుడ్లు పెడుతుంది, పగటిపూట కుడుతుంది. గుడ్డు దోమగా మారడానికి సుమారు 7 నుంచి 10 రోజులు పడుతుంది. ఆరోగ్య శాఖవారు శుక్రవారం డ్రై డే పాటించమని చెప్పేది అందుకే. వారానికి ఒకసారి నీళ్ళు ఒంపేస్తే అవి దోమలయ్యే లోపే పోతాయి. అయితే ఒంపడంతో పని సగమే అయినట్టు. గుడ్లు నీటి అంచుకు కాస్త పైన తొట్టి గోడకు అంటుకుని ఉంటాయి, ఎండిపోయినా నెలల తరబడి బతికి, మళ్ళీ నీళ్ళు తగలగానే పొదుగుతాయి. కాబట్టి బాల్చీలు, తొట్లు, డ్రమ్ములు లోపలి గోడలను పీచుతో రుద్ది కడిగి, ఎండలో బోర్లించాలి. ఫ్రిజ్ వెనక ఉండే నీటి పళ్ళెం, ఎండాకాలం తరువాత మూలన పెట్టిన కూలరు, పూలకుండీల కింది పళ్ళేలు, కొబ్బరి చిప్పలు, మిద్దె మీది పాత టైరు, సంపు మూత దగ్గరి సందు, ఇవి చాలా ఇళ్ళలో మరచిపోయే చోట్లు. ఆరు, ఏడు తరగతుల పిల్లలకు ఈ నెల సైన్సు పనిగా ఇదే ఇచ్చాం. శుక్రవారం సాయంత్రం వాళ్ళు టార్చి పట్టుకుని మీ ఇల్లంతా వెతుకుతారు. దయచేసి విసుక్కోకండి. ఎనిమిదో తరగతి దాటినవారిని మాత్రమే, అదీ పెద్దవారితో కలిసి, మిద్దె మీదికి పంపండి.

బాత్రూమ్ కడిగే యాసిడ్‌నూ బ్లీచింగ్ పొడినీ ఎప్పుడూ కలపవద్దు, ఒకదాని వెంట ఒకటి కూడా వేయవద్దు. రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది, మూసిన బాత్రూమ్‌లో అది ప్రాణం మీదికి తెస్తుంది. యాసిడ్‌ను, ఫినాయిల్‌ను నీళ్ళ సీసాల్లోకో కూల్ డ్రింకు సీసాల్లోకో పోసి ఉంచకండి. చిన్నపిల్లలు సీసా చూసి తాగుతారు.

చెత్త సంగతి మీకు తెలిసిందే కాబట్టి త్వరగా ముగిస్తాను. తడి, పొడి, ప్రమాదకర చెత్తను ఇంట్లోనే వేరు చేయాలని 2016 ఘన వ్యర్థాల నిబంధనలు చెప్పాయి. మన దగ్గర ఆకుపచ్చ బుట్ట తడికి, నీలం పొడికి, ఎరుపు ప్రమాదకరమైన వాటికి. పిల్లలు రంగులు త్వరగా పట్టుకుంటారు, తాతయ్యలే తికమక పడుతున్నారని విన్నాను. పగిలిన గాజును, వాడిన శానిటరీ ప్యాడ్లను విడివిడిగా కాగితంలో చుట్టి ఇవ్వండి. వాటిని చేత్తో తీసేది ఒక మనిషి. చెత్త బండి వెంట వచ్చేవారి పిల్లలు మా బడిలో చదువుతున్నారు.

ఈ పనుల గురించి మాట్లాడినప్పుడల్లా నాకు రెండు అభ్యంతరాలు వస్తాయి. మొదటిది, పదో తరగతి పిల్లలకు ఇవన్నీ ఎందుకు అని. పళ్ళెం కడిగినందుకు మార్కులు తగ్గిన పిల్లలను నేను చూడలేదు. పుస్తకం ఎక్కడ పెట్టారో వెతుక్కుంటూ చదువుకునే గంట పోగొట్టుకున్నవారిని చాలామందిని చూశాను. రెండోది ఎవరూ నోటితో చెప్పరు, హాజరులో కనిపిస్తుంది. అమ్మకు ఒంట్లో బాగాలేని రోజు అక్క బడి మానేస్తుంది, తమ్ముడు వస్తాడు. ఇలా జరగకూడదు. చీపురు పట్టడానికి, అంట్లు తోమడానికి మగపిల్లల చేతులకు ఏ లోటూ లేదు, నాన్నల చేతులకు కూడా. బడిలో గది ఊడ్చే వంతు పట్టికలో అబ్బాయిలు, అమ్మాయిలు కలిసే ఉంటారు. అదే పట్టిక మీ ఇంటి గోడకూ అంటించవచ్చు, నాన్న పేరుతో సహా.

ఇంటి పనిని శిక్షగా మాత్రం వేయకండి. "అల్లరి చేశావు, వెళ్ళి ఇల్లు తుడువు" అన్నామంటే తుడవడం అంటే అవమానమని నేర్పినట్టే. మేము బడిలో శిక్షగా ఎవరితోనూ ఊడ్పించం. పిల్లలు మడిచిన దుప్పటి వంకరగా ఉంటే ఉండనివ్వండి, వాళ్ళ ఎదుటే విప్పి మళ్ళీ మడవకండి. వాళ్ళు బడికి వెళ్ళాక మీ ఇష్టం.

సర్దిన ఇళ్ళ ఫొటోలు తరగతి వాట్సాప్ గ్రూపులో పెట్టవద్దని మనవి. ఎవరి ఇంటికి ఎవరూ మార్కులు వేయడం లేదు, ఉపాధ్యాయులకు ఆ ఫొటోలు చూసే తీరికా లేదు.

మూడో శనివారం స్వచ్ఛ ఆంధ్ర కార్యక్రమంలో భాగంగా బడి ఆవరణ శుభ్రం చేస్తున్నాం. మొదటి రెండు పీరియడ్లు అదే పని. వీలున్న తల్లిదండ్రులు ఉదయం 9 గంటలకు రావచ్చు. చీపుర్లు, బాల్చీలు ఇక్కడ ఉన్నాయి. పిల్లల చేతికి ఒక పాత నూలు గుడ్డ ఇచ్చి పంపితే చాలు, కొత్త తువ్వాలు వద్దు.

మీ
ప్రధానోపాధ్యాయురాలు
తిరుపతి